తీగ ఎవరిది? సరిహద్దు ఊరి నుంచి చూస్తే కంప్యూటర్ నెట్‌వర్కులు

"నెట్ లేదండీ, సాయంత్రం రండి." పర్లాకిమిడిలో గానీ, సరిహద్దు దాటి పాతపట్నంలో గానీ ఈ మాట వినని మనిషి ఉండడు. బ్యాంకులో ఇదే మాట, జెరాక్స్ షాపులో ఇదే మాట, రైల్వే టికెట్ కౌంటరులోనూ ఇదే మాట. కానీ ఆ ముగ్గురూ చెప్పే నెట్ ఒకటి కాదు. జెరాక్స్ షాపులో నెట్ పోయిన రోజున రైల్వే కౌంటరులో టికెట్లు మామూలుగానే ఇస్తుంటారు. బ్యాంకులో పాస్‌బుక్ ప్రింటు ఆగిపోయిన పూట బయట మెట్ల మీద కూర్చున్నవాళ్లు ఫోనులో వీడియోలు చూస్తూనే ఉంటారు. ఎందుకిలా జరుగుతుందో అర్థం కావాలంటే నెట్‌వర్కుల్లో రకాలు తెలియాలి.

ఇంటర్, డిగ్రీ పుస్తకాల్లో ఈ రకాలను దూరాన్ని బట్టి చెబుతారు. మనిషి చుట్టూ కొన్ని మీటర్లలో ఉంటే పాన్, అంటే పర్సనల్ ఏరియా నెట్‌వర్క్. ఒక ఇల్లో ఆఫీసో అయితే లాన్, లోకల్ ఏరియా నెట్‌వర్క్. ఒక పట్టణమంతా అయితే మాన్, మెట్రోపాలిటన్ ఏరియా నెట్‌వర్క్. అంతకు మించితే వాన్, వైడ్ ఏరియా నెట్‌వర్క్. పరీక్షకు ఇది సరిపోతుంది. మన ప్రాంతానికి మాత్రం సరిపోదు. పర్లాకిమిడి ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రం, పాతపట్నం ఆంధ్రలోని శ్రీకాకుళం జిల్లాది. రెండూ పక్కపక్క ఊళ్లు, రెండు చోట్లా తెలుగు వినిపిస్తుంది, ఒక ఊరి సంతకు ఇంకో ఊరివాళ్లు వెళ్తారు. దూరం చూస్తే రెండూ కలిపి ఒక మాన్ అనాలి. వాస్తవంలో అవి రెండు టెలికాం సర్కిళ్లు, రెండు రాష్ట్రాల సర్కారీ నెట్‌వర్కులు, వేర్వేరు కేబుల్ ఆపరేటర్లు.

అందుకే నెట్‌వర్కు రకం తేల్చడానికి దూరం కంటే ముందు ఇంకో ప్రశ్న అడగాలంటాను. మధ్యలో ఉన్న తీగ ఎవరిది? అది తెగితే బాగుచేయాల్సింది ఎవరు? దీనికి జవాబు దొరికితే వేగం, ఖర్చు, భద్రత గురించిన సంగతులు చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

లాన్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే మన చేతిలో పూర్తిగా ఉండేది అదొక్కటే. ఒక జనసేవా కేంద్రాన్ని తీసుకోండి. మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక సీసీ కెమెరా, మూలన ఒక వైఫై రౌటరు ఉన్నాయి. వీటి మధ్య ఉన్న తీగలన్నీ షాపు యజమానివే. తీగ లాగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, నెలనెలా ఎవరికీ కట్టేది లేదు. మూడు కంప్యూటర్లూ ఒకే ప్రింటరు వాడుకుంటున్నాయంటే ఆ పని లాన్ చేస్తోంది, ఇంటర్నెట్‌కు అందులో పాత్ర లేదు. అందుకే "అన్నా, ప్రింట్ అయితే వస్తోంది గానీ సైట్ ఓపెన్ అవట్లేదు" అని ఎవరైనా ఫోన్ చేస్తే సగం రోగం అక్కడే తెలిసిపోతుంది. లాన్ బాగానే ఉంది, తప్పు షాపు గడప అవతల ఎక్కడో ఉంది.

లాన్‌లో ఎక్కువగా వాడే పద్ధతి ఈథర్‌నెట్. 1973లో జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో బాబ్ మెట్‌కాఫ్ దీనికి రూపం ఇచ్చాడు, 1983లో అది ప్రమాణంగా స్థిరపడింది. అంతకు ముందే 1971లో హవాయి దీవుల్లో అలోహానెట్ అనే రేడియో నెట్‌వర్కు నడిచింది. దీవుల మధ్య తీగ వేయడం కష్టం కనుక అక్కడ గాలిలోంచే డేటా పంపారు. మెట్‌కాఫ్ దాన్ని చదివి, అందులోని ఆలోచనను తీగ మీదకు తెచ్చాడు. కాబట్టి తీగ లేని నెట్‌వర్కును నిన్న మొన్నటి కొత్త వింత అనుకోనక్కర్లేదు.

మామూలు రాగి ఈథర్‌నెట్ కేబుల్‌కు 100 మీటర్ల హద్దు ఉంది. అంతకు మించి లాగితే సిగ్నల్ మీద నమ్మకం ఉండదు. మధ్యలో ఒక స్విచ్చి పెట్టాలి, లేదా ఫైబర్, అంటే వెలుగుతో డేటా పంపే సన్నటి గాజు తీగ, వాడాలి. స్విచ్చి అంటే నాలుగో ఎనిమిదో పోర్టులున్న చిన్న పెట్టె. ఏ పోర్టుకు ఏ కంప్యూటరు తగిలించి ఉందో అది గుర్తుపెట్టుకుని, ఎవరి డేటా వాళ్లకే పంపుతుంది. పాతకాలం హబ్‌లకు ఈ తెలివి లేదు, వచ్చినదాన్ని అందరికీ పంచేసేవి. ఇంకా ఏ షాపులోనైనా హబ్ కనిపిస్తే తీసేయడమే మంచిది.

చాలామంది గమనించని సంగతి లాన్ వేగం. మీరు తీసుకున్న ఇంటర్నెట్ ప్లాన్ 50 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 50 మెగాబిట్లు, కావచ్చు. కానీ షాపులోని స్విచ్చి, కేబుళ్లు, కంప్యూటర్లు గిగాబిట్‌వి (సెకనుకు 1,000 మెగాబిట్లవి) అయితే లోపల డేటా దానికి ఇరవై రెట్లు వేగంతో వెళ్తుంది. ఒక జీబీ ఫైలును పక్క కంప్యూటరుకు లాన్‌లో పంపితే పది సెకన్ల లోపే వెళ్లగలదు. అదే ఫైలును ఆ 50 ఎంబీపీఎస్ లైనులో దించుకుంటే రెండున్నర నిమిషాలు దాటుతుంది. ఆఫీసులో పక్క బల్ల మీదున్న మనిషికి ఫైలు ఇవ్వడానికి వాట్సాప్ వాడుతున్నామంటే, ఆ ఫైలు ఊరు దాటి ఎక్కడో ఉన్న సర్వర్ దాకా పోయి తిరిగి మన గదిలోకే వస్తోందన్నమాట. ఒక ఫోల్డరును షేర్ చేసుకుంటే ఆ తిరుగుడంతా తప్పుతుంది. ఫొటో స్టూడియోలకూ ప్రింటింగ్ ప్రెస్సులకూ ఈ ఒక్క మార్పుతో చాలా సమయం మిగులుతుంది.

వైఫై కూడా లాన్‌లో భాగమే, తీగ బదులు రేడియో వాడుతుంది, అంతే. దీని తొలి ప్రమాణం 1997లో వచ్చింది. ఫోనులో వైఫై గుర్తు నిండుగా ఉన్నంత మాత్రాన ఇంటర్నెట్ ఉన్నట్టు కాదు. ఆ గుర్తు చెప్పేది ఫోనుకూ రౌటరుకూ మధ్య మాట నడుస్తోందని మాత్రమే. రౌటరు వెనక తీగ తెగిపోయి ఉన్నా ఆ గీతలు అలాగే కనిపించవచ్చు. మందపాటి గోడల పాత ఇళ్లలో 5 గిగాహెర్ట్‌జ్ సిగ్నల్ రెండో గదికి చేరడమే కష్టం. 2.4 గిగాహెర్ట్‌జ్ నెమ్మదే అయినా గోడలు దాటుతుంది. అలాంటి ఇంట్లో ఇంకో రౌటరు కొనే ముందు, ఉన్నదాన్ని ఇంటి మధ్యలోకి మార్చి చూడండి.

లాన్‌లో ప్రతి యంత్రానికీ ఒక నంబరు ఉంటుంది, దాన్నే ఐపీ అడ్రస్ అంటారు. మీ రౌటరు 192.168.1.1 అయి ఉండొచ్చు, మీ పక్కింటివాళ్లదీ అదే అయి ఉండొచ్చు. ఊళ్లో ప్రతి వీధిలోనూ ఒకటో నంబరు ఇల్లు ఉన్నట్టే ఇదీ. వీధి లోపల ఆ నంబరు చెబితే చాలు, బయటివాళ్లకు మాత్రం అది చాలదు. 192.168తో మొదలయ్యేవీ, 10తో మొదలయ్యేవీ, 172లో కొన్నీ ఇలా లోపలి వాడకానికే వదిలేసిన నంబర్లు. లోపలి యంత్రం బయటికి మాట్లాడాలంటే రౌటరు తన బయటి అడ్రసు తగిలించి పంపుతుంది, జవాబు రాగానే లోపల ఎవరిదో చూసి అందిస్తుంది. ఈ నంబర్ల సంగతితో చివర్లో మళ్లీ పని పడుతుంది.

పాన్ గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. ఫోనుకూ బ్లూటూత్ ఇయర్‌ఫోన్లకూ, లాప్‌టాప్‌కూ వైర్ లేని మౌస్‌కూ మధ్య ఉండేదే అది. మామూలుగా పది మీటర్లలో పని ముగిసిపోతుంది. షాపు కౌంటరు మీద "పది రూపాయలు వచ్చాయి" అని పలికే సౌండ్ బాక్సు చూసి అదీ ఫోనుకు బ్లూటూత్‌తో కలిసి ఉందనుకుంటారు. చాలావాటిలో సొంత సిమ్ ఉంటుంది. నేరుగా మొబైల్ టవరుతో మాట్లాడుతుంది కనుకనే షాపు వైఫై పోయినా అది పలుకుతుంది.

మాన్ దగ్గరకు వస్తే తీగ మన చేతుల్లోంచి వెళ్లిపోతుంది. పట్టణంలో ఇంటింటికీ ఫైబర్ ఇచ్చే కేబుల్ ఆపరేటరు నడిపేది దాదాపు ఇదే. ఆయన ఆఫీసు నుంచి ఒక ఫైబర్ బయలుదేరుతుంది. దారిలో స్ప్లిట్టర్ అనే చిన్న పరికరం దాన్ని 32 లేదా 64 ఇళ్లకు చీలుస్తుంది. స్ప్లిట్టర్‌కు కరెంటు అక్కర్లేదు, వెలుగునే పాయలుగా పంచుతుంది. ఎక్కువగా వాడే జీపీఓఎన్ (GPON) అనే ఫైబర్ పంపిణీ పద్ధతిలో ఒక ఫైబర్ మీద దిగువకు వచ్చే మొత్తం వేగం సెకనుకు దాదాపు 2.5 గిగాబిట్లు. దాన్ని ఆ ఇళ్లన్నీ పంచుకోవాలి. రాత్రి ఎనిమిది తర్వాత అందరూ సినిమాలకూ క్రికెట్‌కూ కూర్చుంటే వేగం తగ్గడానికి ఒక కారణం ఇది. ఇంకో కారణం ఆపరేటరు పై కంపెనీ నుంచి కొన్న లైనే చిన్నది కావడం. చిన్న పట్టణాల్లో ఈ రెండోదే ఎక్కువ బాధపెడుతుందని నా అభిప్రాయం.

ఇంట్లో గోడకు బిగించిన ఫైబర్ మోడెమ్ మీద LOS (లాస్) అని రాసిన దీపం ఎర్రగా వెలిగితే, ఫైబర్‌లో రావాల్సిన వెలుగు మీ ఇంటిదాకా రావడం లేదని అర్థం. అప్పుడు రౌటరును ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు, ఆపరేటరు మనిషి నిచ్చెనతో రావాల్సిందే. ఆ దీపం ఆరి ఉండి, PON అని రాసిన దీపం (ఇది పైన చెప్పిన పర్సనల్ నెట్‌వర్కు పాన్ కాదు, ఫైబర్ లైనుది) నిలకడగా పచ్చగా వెలుగుతూ ఉన్నా సైట్లు రావడం లేదంటే, తీగ బాగానే ఉంది, చిక్కు ఆపరేటరు దగ్గరో ఆయన పైవాళ్ల దగ్గరో ఉంది. ఫోన్ చేసినప్పుడు ఈ దీపాల రంగు చెబితే అవతలివాళ్లకు సగం పని తగ్గుతుంది.

ఇక వాన్. తికమక ఎక్కువగా పడేది ఇక్కడే. చాలామంది వాన్ అంటే ఇంటర్నెట్ అనుకుంటారు. ఇంటర్నెట్ అనేది లక్షల నెట్‌వర్కులు ఒకే కట్టుబాటుతో కలిసి మాట్లాడుకునే ఏర్పాటు. దానికి ఒక యజమాని లేడు. దూరదూరాన ఉన్న సొంత ఆఫీసులను ఒకే సంస్థ కలుపుకున్న వాన్‌కు మాత్రం యజమాని ఉంటాడు, గడప ఉంటుంది, లోపలికి ఎవరు రావాలో ఆయనే చెబుతాడు.

రైల్వే రిజర్వేషన్ కౌంటరు దీనికి మంచి ఉదాహరణ. దేశంలో రిజర్వేషన్ పనిని ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు నడిపిస్తూ వచ్చాయి. ఆ ఐదింటినీ కలిపే పని 1999లో పూర్తయ్యాకే ఎక్కడి నుంచైనా ఎక్కడికైనా టికెట్ తీసుకునే వీలు వచ్చింది. జనం ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో టికెట్ కొనడం 2002లో మొదలైంది. అంటే ఇంటర్నెట్‌కు తలుపు తీయకముందే ఆ నెట్‌వర్కు దేశమంతా పనిచేస్తోంది. ఈనాటికీ కౌంటరులోని కంప్యూటరు మాట్లాడేది రైల్వే సొంత లైను మీద. ఫోనులో సిగ్నల్ ఉన్నా అక్కడ "సర్వర్ డౌన్" అనడానికీ, ఫోను మూగబోయినా అక్కడ టికెట్లు రావడానికీ కారణం అదే.

సర్కారీ ఆఫీసులదీ ఇదే తీరు. రాష్ట్ర రాజధానిని జిల్లా కేంద్రాలతో, వాటిని బ్లాకు ఆఫీసులతో కలిపే స్టేట్ వైడ్ ఏరియా నెట్‌వర్కుల పథకాన్ని కేంద్రం 2005లో ఆమోదించింది. ఒడిశాది ఓస్వాన్, ఆంధ్రది ఏపీస్వాన్. మన సరిహద్దు మీద నిలబడి చూస్తే వీటి ఆకారం బాగా తెలుస్తుంది. పర్లాకిమిడి కలెక్టరేట్ తీగలు భువనేశ్వర్ వైపు చూస్తాయి, గీత గీసినట్టు కొలిచినా అది దాదాపు 250 కిలోమీటర్లు. పాతపట్నం తహసీల్దార్ ఆఫీసు ఏపీస్వాన్ ద్వారా తన రాజధాని వైపు చూస్తుంది. పొరుగు ఊళ్ల ఆఫీసులైనా నెట్‌వర్కు లెక్కలో అవి రెండు వేరే చెట్ల కొసకొమ్మలు. ఒక తెలుగు కుటుంబానికి ఇటు ఇల్లు, అటు పొలం ఉంటే రెండు రికార్డులకూ రెండు పోర్టళ్లు, రెండు లాగిన్లు పట్టుకుని తిరగాల్సి రావడం ఇక్కడ మామూలు. దాన్ని సాంకేతిక లోపం అనలేం. పాలన ఏ గీతల మీద నడుస్తుందో తీగలూ ఆ గీతల మీదే పరిచారు.

మొబైల్ నెట్‌వర్కుకూ ఈ గీతలున్నాయి. దేశాన్ని 22 టెలికాం సర్కిళ్లుగా విడగొట్టారు. ఒడిశా ఒకటి. ఆంధ్ర, తెలంగాణ కలిసి ఇప్పటికీ ఒకే సర్కిల్. చాలా కంపెనీలకు సర్కిల్ మారితే నెట్‌వర్కు కోడ్, అంటే టవరు ఏ నెట్‌వర్కుదో ఫోనుకు చెప్పే నంబరు, మారుతుంది. రేడియో తరంగాలకు మాత్రం రాష్ట్ర సరిహద్దు తెలియదు. పర్లాకిమిడి శివారులో నిలబడిన ఫోను ఆంధ్ర టవరును పట్టుకోవచ్చు, పాతపట్నంలో ఫోను ఒడిశా టవరును పట్టుకోవచ్చు. సిగ్నల్ నిండుగా ఉండి, కాల్ కలుస్తూ, నెట్ మాత్రం రాకపోతే సెట్టింగుల్లో డేటా రోమింగ్ ఆఫ్ అయి ఉందేమో చూడండి. కొన్ని ఫోన్లు అవతలి సర్కిల్ టవరును రోమింగ్ కింద లెక్కగట్టి డేటా ఆపేస్తాయి. మహారాష్ట్రలోని సిరొంచ నుంచి గోదావరి దాటి కాళేశ్వరం వైపు వచ్చే మన తెలుగువాళ్లకూ ఇదే ఎదురుకావచ్చు, అక్కడా నది ఇటూ అటూ సర్కిళ్లు వేరు.

ఇంకో విచిత్రం ఉంది. పక్కపక్క ఊళ్లలో ఇద్దరు, రెండు వేర్వేరు కంపెనీల కనెక్షన్లతో మాట్లాడుకుంటున్నారనుకుందాం. ఆ రెండు కంపెనీల తీగలు కలిసే చోటు మన దగ్గర లేకపోతే డేటా హైదరాబాదుకో చెన్నైకో ముంబైకో వెళ్లి అక్కడ కంపెనీ మారి తిరిగి రావచ్చు. ఫైబర్‌లో వెలుగు సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. ముంబై ఇక్కడికి గీత గీసినట్టు చూసినా 1,100 కిలోమీటర్లకు పైనే కనుక పోయి రావడానికి కనీసం 11 మిల్లీసెకన్లు, అసలు దారి వంకరలు కలుపుకుంటే అంతకు బాగా ఎక్కువే పడుతుంది. మాటలకు అది తెలియదు, ఆటలు ఆడే పిల్లలకు తెలుస్తుంది. ఇలా దేశం లోపలి డేటా విదేశాలదాకా పోయి తిరిగి రాకుండా కంపెనీలు కలుసుకోవడానికే 2003లో నిక్సీ అనే ఎక్స్ఛేంజ్ సంస్థ ఏర్పడింది.

ఫైబర్ చేరని చోట ఉపగ్రహం మీద ఆధారపడతారు. కొండ ఊళ్ల బ్యాంకు శాఖల మీద కనిపించే గొడుగు లాంటి వీశాట్ డిష్‌లు అవే. ఆ ఉపగ్రహం భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అడిగిన మాట పైకి పోయి కిందికి రావాలి, జవాబూ అలాగే రావాలి. వెలుగు వేగంతో వెళ్లినా దగ్గర దగ్గర అర సెకను పడుతుంది. ఒక్కో లావాదేవీలో ఇలాంటి ప్రశ్నలూ జవాబులూ చాలా ఉంటాయి. కాబట్టి క్యాషియరు "కొంచెం ఆగండి" అంటే ఆయన మీద కోపం తెచ్చుకోవడం న్యాయం కాదు.

నెట్‌వర్కు ఆకారం ఎంత ముఖ్యమో తిత్లీ తుపాను మనకు చూపించింది. 2018 అక్టోబరు 11న అది పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం, గజపతి జిల్లాల్లో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలు కుప్పకూలాయి. ఫోన్లు మూగబోయాయి. ఒకే వరసలో సాగే తీగ ఒక్క చోట తెగితే ఆ అవతల ఉన్న ఊళ్లన్నీ చీకట్లో పడతాయి. అదే తీగ గుండ్రంగా తిరిగి మొదటికి వస్తే ఒకవైపు తెగినా రెండోవైపు నుంచి డేటా చేరుతుంది. దీన్నే రింగ్ అంటారు. గ్రామ పంచాయతీలకు ఫైబర్ వేసే పని 2011లో ఆమోదం పొందింది, తర్వాత దానికే భారత్‌నెట్ పేరు వచ్చింది. 2023లో సవరించిన పథకంలో 2.64 లక్షల పంచాయతీలకు రింగ్ పద్ధతిలో కనెక్షన్ ఇవ్వాలని పెట్టారు. తుపాను దారిలో ఉన్న మన జిల్లాలకు ఆ రింగ్ అత్యవసరం. మీ పంచాయతీకి ఫైబర్ వచ్చిందని చెబితే, ఒకవైపు నుంచే వచ్చిందా, రెండు వైపుల నుంచా అని గ్రామసభలో తప్పక అడగండి.

ఇప్పుడు ఇక్కడి వ్యాపారులు తరచూ అడిగే ప్రశ్న. షాపు పర్లాకిమిడిలో, గోదాము పాతపట్నంలో. రెండు చోట్లా ఒకే బిల్లింగ్, ఒకే స్టాకు లెక్క కావాలి. సొంత తీగ లాగుదామంటే రోడ్ల మీద, స్తంభాల మీద రెండు రాష్ట్రాల్లో అనుమతులు కావాలి. చిన్న వ్యాపారికి అది అయ్యే పని కాదు. టెలికాం కంపెనీ నుంచి లీజు లైను తీసుకోవచ్చు, మధ్యలో ఇంకెవరూ పంచుకోరు కాబట్టి నిలకడగా ఉంటుంది, నెల బిల్లు మాత్రం భారీగా ఉంటుంది. మిగిలింది వీపీఎన్. రెండు చోట్లా మామూలు ఇంటర్నెట్ తీసుకుని, రెండు రౌటర్ల మధ్య గుప్తభాషలో నడిచే ఒక దారి ఏర్పాటు చేయడం. తీగ ఊరందరిదీ, అందులో వెళ్లే మాట మాత్రం మనకే అర్థమవుతుంది. చాలా దుకాణాలకు ఇది చాలు.

పెట్టించేటప్పుడు రెండు సంగతులు చూసుకోండి. షాపు లాన్ 192.168.1తో మొదలైతే గోదాము లాన్‌ను 192.168.2తో మొదలుపెట్టించాలి. రెండు చోట్లా ఒకే నంబర్లుంటే ఏ యంత్రం ఇటుదో ఏది అటుదో రౌటరు తేల్చుకోలేదు, వీపీఎన్ కలిసినట్టే కనిపించి ప్రింటరు మాత్రం దొరకదు. రెండోది, బ్యాకప్ కోసం ఇంకో కంపెనీ లైను తీసుకుంటే అది ఏ దారిలో, ఏ స్తంభాల మీద వస్తుందో అడగండి. రెండు కంపెనీల కేబుళ్లూ ఒకే స్తంభానికి కట్టి ఉంటే, ఆ స్తంభం పడిన రోజున రెండూ కలిసే తెగుతాయి. అలాంటప్పుడు రెండో లైను బదులు సిమ్ పెట్టే రౌటరు ఒకటి తీసుకుని, ఆ సిమ్ ఏ సర్కిల్ టవరును పట్టుకుంటుందో గోదాము లోపలే నిలబడి చూసుకున్నాక కొనండి.